కేథరిన్ కొక్రీ-విద్రోవిచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నడి ఆఫ్రికాలో ఫ్రాన్స్ చేసిన పాలన గురించి ఎవరితో మాట్లాడినా చివరికి నేను ఈవిడ పేరు దగ్గరికే వస్తాను. అప్పుడు వినేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నాకు తెలిసినంతలో వాటికి ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. ఆ సంగతులు రెండు ముక్కల్లో చెప్పి దాటేసేవి కావు.

అసలు ఎవరీవిడ?

ఫ్రాన్స్‌కు చెందిన చరిత్రకారిణి. 1935 నవంబర్ 25న పారిస్‌లో పుట్టారు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా చరిత్ర, అక్కడ ఫ్రెంచివాళ్ల వలస పాలన ఆవిడ రంగం. పారిస్-7 యూనివర్సిటీలో 2001 దాకా ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఎంతోమంది విద్యార్థులు ఆవిడ దగ్గర డాక్టరేట్ చేశారు. అమెరికాలోని ఆఫ్రికన్ స్టడీస్ అసోసియేషన్ 1999లో తమ అత్యున్నత పురస్కారం ఇచ్చి గౌరవించింది.

పేరు ఇంత పొడుగ్గా ఎందుకుంది?

విద్రోవిచ్ పుట్టింటి పేరు, కొక్రీ అత్తింటి పేరు. భర్త మిషెల్ కొక్రీ భూగోళ శాస్త్రవేత్త. ఆయన కూడా ఆఫ్రికా నగరాల మీద పనిచేశారు.

చిన్నతనం ఎలా గడిచింది?

వాళ్లది యూదు కుటుంబం. జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టేనాటికి ఆవిడకు నాలుగున్నరేళ్లు. యుద్ధం నడిచినన్నాళ్లూ దాక్కుని బతకాల్సిన బాల్యం. పుట్టుకను చూసి మనిషికి ముద్ర వేయడం ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదవక ముందే తెలిసిన మనిషి. 2007లో నాజీల కాలం నాటి జర్మనీలో నల్లజాతి వాళ్లు ఏమయ్యారో చెబుతూ ఒక పుస్తకం రాశారు. పేరు ‘నాజీయిజం మరిచిపోయిన బాధితులు’ అన్న అర్థంలో ఉంటుంది. ఈ అంశం మీద అంతకుముందు వచ్చిన రచనలు చాలా తక్కువ.

ఆఫ్రికా వైపు ఎలా వెళ్లారు?

1959లో చరిత్ర టీచర్ల పోటీపరీక్ష అగ్రెగాసియోఁ పాసయ్యారు. ఫ్రాన్స్‌లో అది చాలా కష్టమైన పరీక్ష. ఆ మరుసటి ఏడాదే, 1960లో, సహారాకు దిగువన ఫ్రాన్స్ చేతిలో ఉన్న 14 దేశాలు స్వతంత్రమయ్యాయి. కళ్లెదుటే కొత్త దేశాలు పుడుతుంటే వాటి చరిత్ర చెప్పేవాళ్లు యూనివర్సిటీల్లో దాదాపు లేరు. ఆఫ్రికాకు రాతప్రతులు లేవు కాబట్టి చరిత్రే లేదని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు అనుకునే రోజులవి. పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో ఆఫ్రికా చరిత్ర పాఠాలు మొదలుపెట్టిన హ్యూబర్ దెషాం అంతకుముందు వలస ప్రభుత్వంలో గవర్నర్‌గా చేసినాయన. నిన్నటిదాకా ఏలినవాళ్లే ఇవాళ పాఠం చెబుతున్నారన్నమాట. ఆ వాతావరణంలో ఒక యువతి, అప్పటికే పిల్లల తల్లి, హెన్రీ బ్రున్‌ష్విగ్ అనే చరిత్రకారుడి పర్యవేక్షణలో ఆఫ్రికా మీద పరిశోధనకు దిగారు. మొదట బ్రాజా అనే అన్వేషకుడి మీద, ఆ తర్వాత కాంగోలో వ్యాపార కంపెనీల మీద.

ఆ కంపెనీల మీద పరిశోధన అంటే ఏమిటి?

ఆవిడ పేరు నిలబెట్టిన పని ఇదే. 1972లో పుస్తకంగా వచ్చింది. ‘గుత్త కంపెనీల కాలంలో కాంగో, 1898–1930’ అని దాని పేరును మన భాషలో చెప్పుకోవచ్చు.

సంగతి ఏమిటంటే, ఇప్పటి గబాన్, కాంగో బ్రాజావిల్, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్, చాద్ ఉన్న మేరను అప్పట్లో ఫ్రెంచి కాంగో అనేవాళ్లు. అంత పెద్ద దేశాన్ని ఆక్రమించారు గానీ దాని మీద డబ్బు ఖర్చు పెట్టడం ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇష్టం లేదు. పక్కనే బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ తన కాంగోలో రబ్బరు మీద డబ్బు గుంజుతున్నాడు. అది చూసి వీళ్లూ 1899లో భూమిని గుత్తకిచ్చేశారు. మొత్తం 40 కంపెనీలకు, 30 ఏళ్లకు, సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. మనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుకునే విస్తీర్ణానికి అది రెండు రెట్లకు పైనే. ఎగువ ఉబాంగీ ప్రాంతంలో సుల్తానత్ కంపెనీ ఒక్కదానికే 1,40,000 చదరపు కిలోమీటర్లు దక్కాయి. తెలంగాణ మొత్తం కలిపినా అంత లేదు. బదులుగా కంపెనీలు ఏటా కొంత సొమ్ము, లాభాల్లో 15 శాతం ప్రభుత్వానికి కట్టాలి.

ఆ కాగితాల్లో ఒక చిన్న మాట ఉంది, అదే అన్నింటికన్నా పెద్ద మాట. ఆ భూమి మీద దొరికే పంటా ఫలమూ కంపెనీవే అని. దాంతో తాతముత్తాతల కాలం నుంచి తమ అడవిలో రబ్బరు తీగ కోసుకునే మనిషి, ఏనుగు దంతం అమ్ముకునే మనిషి ఒక్క రాత్రిలో దొంగైపోయాడు. తన అడవిలోని సరుకును తనే తెచ్చి కంపెనీకి ఇవ్వాలి. కంపెనీ ఇచ్చేది సరుకుకు ధర కాదు, దాన్ని తెచ్చినందుకు కూలి. అదీ చాలాసార్లు ఉప్పు, గుడ్డముక్కల రూపంలో, వాళ్లు కట్టిన విలువకు.

కొక్రీ-విద్రోవిచ్ చేసింది ఏమిటంటే, ఆ కంపెనీల లెక్కలు పట్టుకుని కూర్చోవడం. ఎంత పెట్టుబడి పెట్టారు, ఎంత సరుకు తీసుకెళ్లారు, వాటాదారులకు ఎంత పంచారు, జనానికి ఏం చేరింది. రోడ్డు వేశారా? తోట నాటారా? దాదాపు ఏమీ లేదు. వచ్చారు, ఉన్నదాన్ని ఊడ్చుకుపోయారు. దీనికి ఆవిడ పెట్టిన పేరు ‘దోపిడీ ఆర్థిక వ్యవస్థ’. ఆవేశంలో అన్న మాట కాదది, పద్దుల్లోంచి తేలిన మాట. అందుకే దాన్ని కొట్టిపారేయడం ఎవరివల్లా కాలేదు.

జనం చేత బలవంతంగా పని ఎలా చేయించారు?

పన్నుతో. 1902లో తలపన్ను పెట్టారు. ఆ ఊళ్లలో ఫ్రెంచి నాణేలు చేతులు మారేవే కావు. మరి పన్ను ఎలా కడతారు? రబ్బరు రూపంలో కట్టమన్నారు. ఆ రబ్బరును అధికారులు కంపెనీకి అప్పజెప్పేవాళ్లు, కంపెనీ తనకు నచ్చిన చౌక ధర కట్టి ఆ సొమ్ము ఖజానాకు జమ చేసేది. ప్రభుత్వమూ కంపెనీ ఒకే చెయ్యి అయిపోయాయి.

రబ్బరు తీయడం తేలికైన పనేం కాదు. కొన్నిచోట్ల తీగలు కోసి పాలు పట్టేవాళ్లు. తీగలు అయిపోయిన చోట భూమిలోని వేళ్లు తవ్వి, ఎండబెట్టి, కర్రలతో గంటల తరబడి దంచి, పొట్టు పోయేదాకా కడిగి కాస్త రబ్బరు తీసేవాళ్లు. ఊళ్లో అందరూ ఈ పనిలో ఉంటే చేను ఎవరు చూస్తారు? విత్తే కాలం దాటిపోతే మరుసటి ఏడు ఆకలే. దీనికి తోడు మోత పని. చాద్ వైపు సైన్యానికి కావాల్సిన సామానంతా మనుషుల నెత్తిమీదే నడిచింది. ఊళ్లకు ఊళ్లు అడవిలోకి పారిపోయాయి.

ఫ్రెంచి పుస్తకాల్లో దీన్ని ‘నిర్బంధ శ్రమ’ అని రాస్తారు. తెలుగులో చదువుకుంటూ నేను మాత్రం ‘వెట్టి’ అనే అనుకుంటాను. ఆ మాట బరువు మనకు తెలుసు. ఫ్రెంచి వలసల్లో దీన్ని చట్టప్రకారం రద్దు చేసింది 1946 ఏప్రిల్‌లో.

బాంగీలో గుడిసె సంగతి ఏమిటి?

ఇది రాయడం కష్టంగా ఉంటుంది. అయినా రాయాలి.

1904లో ఉబాంగీ నది ఒడ్డున మొంగుంబా అనే చోట మగవాళ్లు రబ్బరు పన్ను తేకుండా అడవిలోకి పారిపోయారు. వాళ్లను రప్పించడానికి ఆడవాళ్లను, పిల్లలను పట్టుకున్నారు. 58 మంది ఆడవాళ్లు, 10 మంది పిల్లలు. వాళ్లను పడవల్లో బాంగీకి (ఇప్పటి సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ రాజధాని) తెచ్చి ఒక ఇంట్లో తోశారు. ఆరు మీటర్ల పొడవు ఇల్లు. తలుపు తప్ప మరో సందు లేదు, కిటికీ లేదు. 68 మందికి ఆరు మీటర్లు. కూర్చుంటే కాళ్లు చాపుకునే చోటు కూడా ఉండదు. తిండి సరిగా పెట్టలేదు. చనిపోయినవాళ్లను నదిలో వేస్తూ వచ్చారు. బాంగీకి కొత్తగా వచ్చిన ఒక డాక్టరు మూలుగులు విని తలుపు తీయించాడు. లోపల శవాల మధ్య బతికున్నవాళ్లు. అప్పటికీ విడుదల వెంటనే కాలేదు. అంతా అయ్యేసరికి 45 మంది ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు చనిపోయారు.

కొందరు తల్లులను ఇళ్లకు పంపేటప్పుడు వాళ్ల చంటిబిడ్డలు లేరు, కొందరు చంటిబిడ్డలను తీసుకుపోవడానికి తల్లులు లేరు. ఈ వాక్యం ఏ నివేదికలోనూ చదవలేదు. ఆ అంకెలు చదివినప్పుడల్లా నాకు తోచేది.

ఈ సంగతి బయటికి ఎలా వచ్చింది?

వేరే ఘోరం వల్ల. 1903 జులై 14న, అంటే ఫ్రాన్స్ జాతీయ పండుగ రోజున, ఫోర్ క్రాంపెల్ అనే చోట ఇద్దరు ఫ్రెంచి ఉద్యోగులు పక్పా అనే ఖైదీని డైనమైట్ కట్టి పేల్చి చంపించారు. ఆ వార్త 1905 మొదట్లో పారిస్ పత్రికల్లో పడింది. గోల మొదలయ్యేసరికి ప్రభుత్వం విచారణకు పియెర్ సావోర్న్యాఁ ద బ్రాజాను పంపింది. ఆయన పుట్టుకతో ఇటాలియన్. 1880లో అక్కడి తెకె తెగ రాజు మకోకోతో ఒప్పందం రాయించుకుని కాంగోను ఫ్రాన్స్ చేతిలో పెట్టింది ఆయనే. 1898లో ఆయన్ను పదవి నుంచి తీసేశాక గుత్త కంపెనీలు వచ్చాయి. తను తెచ్చిపెట్టిన దేశం ఏమైందో చూడడానికి ముసలితనం మీద పడుతుండగా మళ్లీ వెళ్లాడు. భార్య తెరెజ్ కూడా వెంట వెళ్లింది. నెలల తరబడి తిరిగి, ఊళ్లు చూసి, సాక్ష్యాలు రాసుకుని, జబ్బుపడి, తిరుగుప్రయాణంలో 1905 సెప్టెంబర్ 14న ఇప్పటి సెనెగల్‌లోని డాకార్‌లో చనిపోయాడు.

ప్రభుత్వం ఆయనకు ఘనంగా అంత్యక్రియలు చేసింది. ఆయన రాసుకొచ్చిన కాగితాలను మాత్రం ఒక కమిటీకి అప్పగించింది. కమిటీ రాసిన నివేదిక కూడా పాలకులకు రుచించేది కాదు. 1906 ఫిబ్రవరిలో సోషలిస్టు సభ్యుడు గుస్తావ్ రువానే పార్లమెంటులో ఈ విషయం లేవదీశాడు. కాగితాలన్నీ బయటపెట్టాలన్న కోరిక ఓడిపోయింది. 1907లో నివేదికను పది ప్రతులు మాత్రమే అచ్చువేయించి బీరువాలో పెట్టేశారు.

మరి ఆ నివేదిక కొక్రీ-విద్రోవిచ్‌కు ఎలా దొరికింది?

1960లలో తన పరిశోధన కోసం వలస మంత్రిత్వ శాఖ పాత దస్త్రాలు వెతుకుతుంటే ఆ పది ప్రతుల్లో ఒకటి చేతికొచ్చింది. అప్పటికి ఆ నివేదిక పోయిందనే చాలామంది అనుకున్నారు. తన పరిశోధనలో దాన్ని వాడుకున్నారు. కానీ అది అందరూ చదివేలా అచ్చయింది 2014లో, ఆవిడ ముందుమాటతో. బ్రాజా చనిపోయిన 109 ఏళ్లకు.

నన్ను ఎప్పుడూ ఆపేది ఈ అంకె. ఆ గుడిసె గురించి తెలిసినవాళ్లు పారిస్‌లో ఉన్నారు. మంత్రులకు తెలుసు. కాగితం మీద ఉంది. తెలియక కాదు, తెలిసి బీరువాకు తాళం వేశారు. చరిత్రకారుల పని పాత సంగతులు చెప్పడమే అని అనుకునేవాళ్లకు నేను ఈ తాళం గురించి చెబుతాను.

కాంగో–ఓసియాన్ రైలు కూడా ఈ కంపెనీల పనేనా?

కాదు, అది వలస ప్రభుత్వమే కట్టించింది. బ్రాజావిల్ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ప్వాంత్ నువార్ దాకా సుమారు 510 కిలోమీటర్లు, 1921 నుంచి 1934 దాకా. కూలీలను చాద్ అంత దూరం నుంచి బలవంతంగా పట్టుకొచ్చారు. చనిపోయినవాళ్ల సంఖ్యను తక్కువలో తక్కువ 17,000గా చెబుతారు.

ఇంత చేసి ఫ్రాన్స్ లాభపడిందా?

ఆవిడ జవాబు ఒక్క మాటలో ఉండదు, అదే నాకు నచ్చుతుంది. 40 కంపెనీల్లో చాలావరకు కొన్నేళ్లకే మూతపడ్డాయి, లేదా వేరేవాటిలో కలిసిపోయాయి. కొన్ని మాత్రం బాగా సంపాదించాయి. వలస ప్రభుత్వం ఖజానా ఎప్పుడూ ఖాళీయే. అంటే దోచుకున్నా దేశంగా ఫ్రాన్స్‌కు పెద్దగా మిగల్లేదు. కొందరు వాటాదారులకు మిగిలింది. కాంగో జనానికి మిగిలింది పాడుబడిన ఊళ్లు, నిద్రజబ్బు (ఒక రకం ఈగ కుట్టడం వల్ల వచ్చే ప్రాణాంతక రోగం), ఆకలి. లాభం లేదు కాబట్టి దోపిడీ లేదు అనే వాదన తప్పని ఆవిడ లెక్కలే చూపిస్తాయి. తర్వాత ఝాక్ మార్సెయ్ అనే చరిత్రకారుడితో కలిసి ఫ్రెంచి వలసల వర్తకం లెక్కలన్నీ ఒక చోట చేర్చారు. మార్సెయ్ 1984లో రాసిన పుస్తకంలో, 1930 తర్వాత వలసలు ఫ్రాన్స్ పరిశ్రమకు బరువయ్యాయని వాదించారు. ఒకే రకం లెక్కల మీద పనిచేసినవాళ్లు వేరు వేరు దారుల్లో వెళ్లడం ఈ రంగంలో మామూలే.

‘ఆఫ్రికా ఉత్పత్తి విధానం’ అంటే ఏమిటి?

1969లో ఆవిడ రాసిన ఒక వ్యాసంలోని ఆలోచన. అప్పటి మార్క్సిస్టులు ప్రతి సమాజాన్నీ బానిస, భూస్వామ్య, ఆసియా తరహా అంటూ ఉన్న గళ్లలో పెట్టాలని చూసేవాళ్లు. ఆఫ్రికా రాజ్యాలు ఆ గళ్లలో పట్టవు అన్నారావిడ. అక్కడ రాజుల బలం రైతు దగ్గర వసూలు చేసిన శిస్తు నుంచి కన్నా దూరదేశపు వర్తకం మీది అదుపు నుంచి ఎక్కువగా వచ్చిందని వాదించారు. బంగారం, ఉప్పు, బానిసలు ఏ దారిన పోతాయో ఆ దారి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే రాజు. ఆ ఆలోచన మీద చాలా చర్చ జరిగింది, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు, ఆ వ్యాసం విలువ జవాబులో కన్నా ధైర్యంలో ఉంది. తన పక్షం వాళ్ల సూత్రాన్నే సరిపోలేదని చెప్పడం చిన్న విషయం కాదు.

కంపెనీల తర్వాత ఇంకేం రాశారు?

చాలా రాశారు. 1993లో ఆఫ్రికా నగరాల చరిత్ర. తెల్లవాళ్లు వచ్చాకే అక్కడ నగరాలు పుట్టాయన్న అపోహకు అది గట్టి జవాబు. 1994లో ఆఫ్రికా ఆడవాళ్ల చరిత్ర. పొలంలో సగానికి పైగా పని చేసేదీ, సంతలో అమ్మేదీ వాళ్లే అయినా వలస అధికారులు పంట శిక్షణ, అప్పు, కొత్త పనిముట్లు మగవాళ్లకే ఇచ్చారు. దాంతో ఆడవాళ్ల చేతిలో ఉన్న కాస్త పట్టు కూడా జారింది. బానిసత్వం మీద, 19వ శతాబ్దపు ఆఫ్రికా మీద పుస్తకాలు ఆ తర్వాతవి. 2021లో, 85 ఏళ్ల వయసులో, ఆత్మకథ అచ్చయింది. పేరుకు అర్థం ‘ఆఫ్రికాను ఎంచుకోవడం’.

2005లో ఫ్రాన్స్‌లో చరిత్ర మీద జరిగిన గొడవలో ఆవిడ పాత్ర ఏమిటి?

2005 ఫిబ్రవరి 23న ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. అందులో నాలుగో ఆర్టికల్, సముద్రాల అవతల, ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికాలో, ఫ్రాన్స్ ఉనికి వల్ల జరిగిన మేలును పాఠ్యాంశాలు గుర్తించాలి అంది. స్కూల్లో చరిత్ర ఎలా చెప్పాలో పార్లమెంటు ఓటేసి తేల్చడమన్నమాట. పారిస్-7లో ఆవిడ సహోద్యోగి క్లోద్ లియోజు మరికొందరితో కలిసి మార్చిలోనే నిరసన పత్రం రాయించారు. చరిత్రను రాజకీయాలకు వాడుకోవడాన్ని కనిపెట్టి ఉండడానికి అదే ఏడాది చరిత్రకారులు పెట్టుకున్న సంఘంలో కొక్రీ-విద్రోవిచ్ చేరి పనిచేశారు. 2006 మొదట్లో ఆ వాక్యాన్ని తీసేశారు.

2007 జులైలో అధ్యక్షుడు సర్కోజీ డాకార్‌లో మాట్లాడుతూ ఆఫ్రికా మనిషి చరిత్రలోకి తగినంతగా అడుగుపెట్టలేదు అన్నారు. నలభై ఏళ్లకు పైగా ఆ చరిత్రే చెబుతున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుంది? 2009లో వలస చరిత్ర వెనుక ఉన్న రాజకీయాల మీద ఒక చిన్న పుస్తకం రాశారు. తిట్టలేదు, ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

ఆవిడ పని మీద విమర్శలు లేవా?

ఉన్నాయి, ఉండాలి కూడా. కంపెనీల పుస్తకంలో ఎక్కువగా మాట్లాడేది ఫ్రెంచి కాగితాలే. రబ్బరు దంచిన ఆడమనిషి గొంతు మనకు నేరుగా వినబడదు, ఆమెను కొట్టినవాడు రాసిన రిపోర్టులోంచే ఆమె కనబడుతుంది. ఊళ్లలో పెద్దవాళ్ల నోట కథలు విని రాయడం ఆ తర్వాతి తరం, ముఖ్యంగా ఆఫ్రికా చరిత్రకారులు, బాగా చేశారు.

యానాం కూడా ఫ్రెంచివాళ్లదే కదా, దాని మీద రాశారా?

ఆవిడ రంగం ఆఫ్రికా. యానాం, పుదుచ్చేరి చరిత్ర వేరే చరిత్రకారుల పని. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు. 1954లో ఫ్రెంచి చేతి నుంచి బయటపడిన యానాం రేవు నుంచి 19వ శతాబ్దంలో మన కూలీలను రీయూనియన్ దీవిలోని చెరకు తోటలకు పంపారు. ఫ్రెంచి వలసల్లో శ్రమ ఎలా సంపాదించారు అనే ప్రశ్న మనకు పూర్తిగా పరాయిది కాదు.

మొదట ఏది చదవాలి?

ఫ్రెంచి రాకపోతే ఆఫ్రికా ఆడవాళ్ల చరిత్రతో మొదలుపెట్టండి, 1997లో ఇంగ్లీషులోకి వచ్చింది. సులువుగా సాగుతుంది. ఫ్రెంచి వస్తే 2011లో వచ్చిన ఆఫ్రికా చిన్న చరిత్ర ముందు, ఆత్మకథ తర్వాత. గుత్త కంపెనీల పుస్తకం చాలా పెద్దది, పట్టికలతో నిండి ఉంటుంది. నేరుగా దాంట్లోకి దిగితే మధ్యలో ఆగిపోతారు. ముందు 2014లో అచ్చయిన బ్రాజా నివేదిక చదివి, ఆ గుడిసె పేజీలు దాటాక, అప్పుడు దాన్ని తెరవండి. ఒక్కో పట్టికలో ఒక్కో ఊరు కనబడుతుంది.